పద్యానికి తాళం మార్కులా?

మొన్నటి మన సంఘం ఉగాది కార్యక్రమానికి మీలో చాలామంది వచ్చారు కాబట్టి కొత్తగా చెప్పేదేమీ లేదు. పంచాంగ శ్రవణం అయింది, స్పాన్సర్ల సన్మానాలు అయ్యాయి, పిల్లల కూచిపూడి అయింది. ఆ తర్వాత పాటల పోటీ. సినిమా పాట, కీర్తన, జానపదం, పద్యం, ర్యాప్, ఏదైనా పాడవచ్చన్నారు. ఆ ఆలోచన ఎవరిదోగానీ నాకు చాలా నచ్చింది. చిక్కంతా మార్కుల చీటీతోనే. శ్రుతికి పది, తాళానికి పది, ఉచ్చారణకు పది, హావభావాలకు పది. ఎవరికి ఎన్ని పడ్డాయో అప్పటికప్పుడు వెనక తెర మీద చూపించారు.

తెనాలి దగ్గరి పల్లెనుంచి కొడుకును చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన కృష్ణ రాయబారం నాటకంలోని పద్యం అందుకున్నారు. చివర్లో రాగం తీస్తుంటే మూడు నిమిషాలు దాటాయని గంట కొట్టారు. ఆ గంట తనకేనని ఆయనకు తెలియలేదు. రాగం పూర్తిచేసే దిగారు. తెర మీద తాళం ఎదుట 2 పడింది. "పద్యానికి తాళం ఎక్కడుందిరా?" అని ఆయన కొడుకును అడగడం పక్కనే ఉన్న నాకు వినిపించింది.

అడగడంలో తప్పేముంది? నాటక పద్యానికి తాళం ఉండదు. హార్మోనియం శ్రుతి పట్టుకుని గొంతు వెంట నడుస్తుంది, నటుడు ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతుంది. ఉన్నది బాగా లేకపోతే మార్కులు తగ్గించవచ్చు. అసలు లేనిదానికి రెండు మార్కులు వేయడమేమిటి? ఆ తర్వాత ర్యాప్ చేసిన హైస్కూల్ కుర్రాడికి శ్రుతి కింద 3 పడింది. కరోకే ట్రాక్ మీద సినిమా పాట పాడిన అమ్మాయికి మొదటి బహుమతి వచ్చింది. బాగానే పాడింది, ఆ అమ్మాయితో పేచీ లేదు. కానీ ఆ చీటీ తయారైందే ఆ ఒక్క రకం పాట కోసం.

భోజనాల లైన్లో ఆ పెద్దాయనా కుర్రాడూ నా ముందే నిలబడ్డారు. "చివరి అక్షరాలు భలే కలిపావు. మేం ప్రతి పాదంలో రెండో అక్షరం కలుపుతాం, ఉత్పలమాల అయితే పదో అక్షరం దగ్గర యతి కూడా పడాలి, అంటే అది పాదం మొదటి అక్షరంతో పొందాలి" అని ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి చూపిస్తున్నారు. కుర్రాడు ఇయర్‌ఫోన్లు తీసి జేబులో పెట్టుకుని వింటున్నాడు. నన్నడిగితే ఆ రాత్రి జరిగిన అసలు పాటల కార్యక్రమం అదే.

నా వినికిడి ఇలాంటి మాటల్లోనే పెరిగింది. తొంభైల మొదట్లో వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీ (ఆర్ఈసీ) హాస్టల్లో క్యాసెట్ల మార్పిడి నడిచేది. హనుమకొండలో రికార్డింగ్ షాపుకి ఖాళీ క్యాసెట్, పాటల చీటీ పట్టుకెళితే రెండు రోజుల్లో నింపి ఇచ్చేవారు. మా అంతస్తులో ఒకటే నియమం, క్యాసెట్ తీసుకుంటే నీదొకటి ఇవ్వాలి. శ్రీకాకుళం వాడి దగ్గర వంగపండు జానపదాలు, సిద్దిపేట వాడి దగ్గర డోలు మీద పాడుతూ చెప్పే కొమురవెల్లి మల్లన్న ఒగ్గు కథ, నా దగ్గర ఇళయరాజా, ఒక బాలమురళి శాస్త్రీయ సంగీత కచేరీ.

ఒగ్గు కథ మొదటిసారి పెట్టినప్పుడు పది నిమిషాలకే ఆపేశాను. సిద్దిపేట వాడు ఊరుకోలేదు, పక్కన కూర్చుని మళ్లీ పెట్టాడు. "పాట కోసం ఇనకు, కథ ఇను. డోలు ఎక్కడ ఆగుతుందో చూడు, ఆడ్నే కథ చెప్పేటోడు గొంతు మారుస్తడు" అన్నాడు. నిజంగానే డోలు ఆగిన చోటల్లా కథకుడు ఇంకో పాత్రయిపోతున్నాడు. బదులుగా నా బాలమురళి విని వాడు "ఒక్కటే లైను ఎన్నిసార్లు పాడతడురా?" అని విసుక్కున్నాడు. లైను అదే, సంగతి, అంటే దాన్ని పాడే తీరు, మారుతోందని చూపించడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. మార్కులు మేమూ వేశాం, కాకపోతే టేపే వేసేది. వెనక్కి తిప్పి తిప్పి విన్న పాట దగ్గర టేపు సాగి గొంతు బొంగురుపోయేది. క్యాసెట్ తిరిగొచ్చాక ఎక్కడ సాగిందో వింటే, తీసుకెళ్లినవాడికి ఏది నచ్చిందో తెలిసిపోయేది.

ఊళ్లో అంతా న్యాయంగా జరిగేదని నేననను. నాటకాల్లో 'వన్స్ మోర్' అని అరిచి ఒకే పద్యాన్ని మూడుసార్లు పాడించేవారు, కథ ఎటుపోయినా ఎవరికీ పట్టేది కాదు. నటుడి దుస్తులకు నోటు పిన్నుతో గుచ్చిన మోతుబరి పేరు మైకులో చదివేదాకా కృష్ణుడంతటివాడు ఆగాల్సిందే. అయినా ఆ అరిచేవాళ్లకు పద్యం ఎక్కడ విరగాలో, రాగం ఎంతసేపు నిలవాలో తెలుసు. మనకేమో పైనుంచి ముద్ర పడాలి. పన్నెండు మెట్ల కిన్నెర అనే తంతి వాద్యం మోగించే మొగిలయ్య గొంతు పవన్ కల్యాణ్ సినిమా పాటలో వినిపించి, 2022లో పద్మశ్రీ కూడా వచ్చాక మన హాల్లోనూ ఈలలు వేశాం. అంతకుముందు అదే కిన్నెర తీసుకుని ఎవరైనా మన పోటీకి వస్తే? శాస్త్రీయం వాళ్లదీ ఇదే వరస. సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలుగారు 1980లో శంకరాభరణంలో పాడి జాతీయ పురస్కారం అందుకున్నా, "సినిమా సంగీతమేగా" అని పెదవి విరిచే మామయ్య ఒకాయన ప్రతి ఇంట్లోనూ ఉండేవాడు. ఇప్పటికీ ఉన్నాడు.

కమిటీ వాదన తీసిపారేసేదేమీ కాదు. మార్కులు లేకపోతే అధ్యక్షుడి బంధువుల పిల్లలకే బహుమతులు ఇచ్చారంటారు. పోటీ అంటేనే పిల్లలు సాధన చేస్తారు. హాలు పదింటికి ఖాళీ చేయకపోతే అదనంగా కట్టాలి. పైగా న్యాయనిర్ణేతలు మన కోసం శనివారమంతా వదులుకుని వచ్చినవాళ్లు, వాళ్లనేమీ అనలేం.

అయినా దీపావళికి ఇదే చీటీ మాత్రం మళ్లీ తీయొద్దని బతిమాలుతున్నాను. తాళం, శ్రుతి అన్న గడులు అన్ని పాటలకూ ఒకేలా వద్దు. పాడేవాళ్లను ముందు ఒక నిమిషం మాట్లాడనివ్వండి, ఇందులో దేనికోసం వినాలో వాళ్లే చెబుతారు. పద్యం వచ్చినప్పుడు పద్యం తెలిసినవాళ్లు, ర్యాప్ వచ్చినప్పుడు అది వినే కాలేజీ పిల్లలు మార్కులు వేయాలి. తెర మీద అంకెలు అసలే వద్దు. ఇంకో కోరిక కూడా ఉంది. పోటీ పక్కనే ఒక మార్పిడి బల్ల పెడదాం. ఒక్కో ఇంటివాళ్లు తమ పాట ఒకటి రాసి పెట్టి, ఎప్పుడూ వినని రకం పాట ఒకటి తీసుకెళ్లాలి. సంక్రాంతికి వచ్చినప్పుడు ఏం విన్నారో రెండు మాటలు చెబితే చాలు.

టైమ్ ఎక్కడిదంటారా? స్పాన్సర్ల ప్రసంగాల్లోంచి ఓ ఇరవై నిమిషాలు కోయండి, ఎవరూ బాధపడరు.