ఎర్ర త్రికోణం గారికి ఒక పత్తి రైతు విన్నపం

పురుగుమందు డబ్బా మీద వెలసిన ఎర్ర త్రికోణం గారికి నమస్కారాలు.

పరకాల దగ్గరి పల్లె నుంచి రాస్తున్నాను. మీ నివాసం ముచ్చటైనది. మూల మీద నిలబెట్టిన చతురస్రంలో పై అంతస్తు పుర్రెకు, కింది అంతస్తు మీకు. లేబుల్‌లో కనీసం 16వ వంతు మీ ఇద్దరికీ ఇవ్వాలని నిబంధన. మిగతా 15 వంతుల్లో విరగబూసిన పత్తి, కంపెనీ పేరు హాయిగా సర్దుకున్నాయి. ప్రాణం విలువ అణాల్లో లెక్కేస్తే రూపాయికి ఒక అణా. ఫరవాలేదు, మేము అంతకన్నా తక్కువకే పంట అమ్ముకున్న రోజులున్నాయి.

మీ కులాలు కూడా నేర్చుకున్నాను. ఎరుపు అన్నిటికన్నా ఘాటు విషం, తరువాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. ఆ చివరిదే కొంప ముంచుతోంది. మా తమ్ముడు ఆకుపచ్చ కనబడగానే, హన్మకొండ చౌరస్తాలో సిగ్నల్ పడ్డట్టు, మూతికి తువ్వాలైనా కట్టకుండా చేలోకి దూకుతాడు.

మీతో వచ్చే కాగితం మడతలు విప్పితే మంచం మీద దుప్పటంత అవుతుంది. అందులో చీమల బారు. భూతద్దం పెట్టి చదివాను: చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు, కాళ్లకు బూట్లు. రాసినవారు భాద్రపదంలో మా చేలోకి రాలేదని తెలిసిపోతోంది. పత్తి ఛాతీ ఎత్తు, వీపు మీద పంపు బరువు, చెమట ధారలు. తుంపర గాలికి వెనక్కి తిరిగి మా మీదే పడుతుంది. చర్మం గుండా కూడా లోపలికి పోయే మందు అది. గ్లౌజులు ఉన్నాయా అని దుకాణంలో అడిగితే, పిలవని పెళ్లికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశారు. మందు మాత్రం ఎన్ని డబ్బాలైనా అప్పుకే ఇస్తారు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మాక లెక్క తేలుతుంది.

మీ కుటుంబంలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు గారి సంగతే చూడండి. 2005లో కూరగాయల మీద వాడొద్దన్నారు. పత్తికి మాత్రం అనుమతి ఏళ్ల తరబడి కొనసాగింది. వంకాయ తోటకూ పత్తి చేనుకూ మధ్య ఉన్న గట్టు దగ్గర ఆ మందు బుద్ధిగా ఆగిపోతుందని నమ్మారు కాబోలు. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో అదే మందు ఉందని పరీక్షల్లో తేలింది. అక్కడ మీరు ఏ మూల ఉన్నారో అడగను.

ఇక మీకు పోటీగా కొందరు ఉన్నారు, పాపం. ఐదు కిలోల వేపగింజల పొడిని మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, వడకట్టి, కాస్త సబ్బు కలిపి వంద లీటర్లు చేస్తే కషాయం. ఆడ పురుగు వాసనతో మగ పురుగును రప్పించి పట్టే, చేలో వేలాడే లింగాకర్షక బుట్ట ఉంది. పురుగును తన మీదికి లాక్కునే ఆముదం, బంతి ఉన్నాయి. పురుగులను ఏరుకు తినే పిట్టలు వాలే పంగల కర్ర ఉంది. వీటికి పుర్రె లేదు, గోడల మీద ప్రకటన లేదు, అప్పిచ్చే దుకాణమూ లేదు. ఇంత అనాథలైనా, జనగామ దగ్గర ఏనెబావిలో ఊరు ఊరంతా మిమ్మల్ని వదిలేసి వీటిని పట్టుకున్నారు. ఇరవై ఏళ్ల కిందటి మాట. అక్కడా పత్తి పండింది, వరీ పండింది. మీ పలుకుబడికి అది ఎంత అవమానమో కదా! నేనూ ఈసారి అరెకరం అటువైపు తిప్పాను. దుకాణం వారికి ఇంకా చెప్పలేదు.

మొన్న మా అమ్మ మీ ఖాళీ డబ్బాను బూడిదతో తోమి, కంది విత్తనాలు పోయబోతూ ఆగింది. ఎంత తోమినా పోని మిమ్మల్ని వేలితో తడిమి, "బొట్టు పెట్టి ఉంది, ఇది ఏ దేవుడి మందురా?" అని అడిగింది.

ఆమెకు చదువు రాదు. జవాబు మీరే కాస్త పెద్ద బొమ్మతో పంపగలరు.

ఇట్లు,
వీపున పంపు మోసే ఒక రైతు