పాత విమానానికి కొత్త గొడుగు

విమానానికి పారాచూట్ కట్టడం అన్న ఆలోచన వినడానికి బాగానే ఉంటుంది. ఇంజన్ ఆగితే ఒక పిడి లాగాలి, అంతే. విమానం మొత్తం గొడుగు కింద వేలాడుతూ నేలకు దిగుతుంది. అమెరికాలో సిరస్ కంపెనీ చిన్న విమానాలకు ఈ ఏర్పాటు ఫ్యాక్టరీ నుంచే వస్తుంది, దానివల్ల చాలామంది బతికారు కూడా. మన వాయుసేన హెచ్‌పీటీ-32 దీపక్ శిక్షణ విమానాలను ఎగరకుండా ఆపేశాక, పారాచూట్ బిగించి మళ్లీ ఎగరేద్దామన్న ప్రతిపాదన నడిచింది. నాకు ఆ ప్రతిపాదన ఒక ఒప్పుకోలులా కనిపిస్తుంది. ఇంజన్ గాల్లో ఆగిపోతోంది, దాన్ని బాగుచేయడం మా వల్ల కాలేదు అని చెప్పడమే కదా అది!

దీపక్ కథ తెలిసిందే. ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ తయారీ, 1977లో తొలిసారి ఎగిరింది. 260 హార్స్‌పవర్ లైకమింగ్ పిస్టన్ ఇంజన్, పక్కపక్కనే రెండు సీట్లు. దుండిగల్ వాయుసేన అకాడమీలో ఏళ్ల తరబడి క్యాడెట్లు ఓనమాలు దిద్దుకున్నది దీని మీదే. 17 ప్రమాదాల్లో 19 మంది పైలట్లు పోయారు. వాళ్లలో ఇద్దరు 2009 జులై 31న మెదక్ జిల్లాలో చనిపోయాక గానీ దాన్ని ఆపలేదు.

పాత చిన్న విమానాన్ని బాగుచేయించాలా, మార్చేయాలా అన్న చర్చ వచ్చిన ప్రతిసారీ అందరూ వయసు లెక్క తీస్తారు. ఎన్నేళ్లయింది, ఎన్ని గంటలు ఎగిరింది అని. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది ఒకటే: ఇది వాడి వాడి అరిగిందా, పుట్టడమే లోపంతో పుట్టిందా? అరిగినదాన్ని డబ్బుతో బాగుచేయొచ్చు. ఇంజన్ విప్పి ఓవర్‌హాల్ చేయొచ్చు, ముల్లు తిరిగే డయళ్లు తీసేసి తెరలు పెట్టొచ్చు, రేడియో మార్చొచ్చు. డిజైన్‌లోనే ఉన్న లోపం, దీపక్ ఇంజన్ గాల్లో ఆగిపోవడం లాంటిది, అలా పోదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. దీపక్ విషయంలో ఆ మాట అక్షరాలా నిజమైంది, కాకపోతే పుడకలు వేరేవాళ్లకు పేర్చాల్సి వచ్చింది.

అలాగని అప్‌గ్రేడ్ అంటేనే దండగ అనడం లేదు. విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా నుంచి సముద్రం మీద కాపలా తిరిగే డోర్నియర్ 228ని చూడండి. జర్మన్ డిజైన్, కాన్పూర్‌లో హెచ్‌ఏఎల్ తయారీ, రెండు టర్బోప్రాప్ ఇంజన్లు. నౌకాదళానికి చెందిన 25 డోర్నియర్లను అప్‌గ్రేడ్ చేయడానికి 2024 మార్చిలో రక్షణ శాఖ 2,890 కోట్ల ఒప్పందం చేసుకుంది. అంటే ఒక్కోదానికి 115 కోట్లు దాటింది. అంతకు ఏడాది ముందే వాయుసేన కోసం ఆరు కొత్త డోర్నియర్లు 667 కోట్లకు కొన్నారు, ఒక్కోటి దాదాపు 111 కోట్లు. కొత్తదాని ధర కన్నా పాతదాని రిపేరు ఖర్చే ఎక్కువా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టకూడదు. నౌకాదళం ఒప్పందంలో కొత్త ఏవియానిక్స్ (విమానంలోని ఎలక్ట్రానిక్ వ్యవస్థలు), సముద్రాన్ని గాలించే సెన్సర్లు, వాటి పరికరాలూ ఉన్నాయి. కొత్త విమానం కొన్నా అవన్నీ మళ్లీ కొనాల్సిందే. డోర్నియర్ ఒళ్లు గట్టిది, దానికి కావాల్సింది కొత్త కళ్లు. అక్కడ అప్‌గ్రేడే సరైన నిర్ణయం.

మరి ఇంత తేలికైన తేడా దీపక్ విషయంలో అన్నేళ్లు ఎందుకు తట్టలేదు? తట్టలేదంటే నేను నమ్మను. అసలు కిటుకు పద్దుల్లో ఉంది. మరమ్మతు చిన్న చిన్న బిల్లుల రూపంలో వస్తుంది. ఈ ఏడాది ఒక మార్పు, వచ్చే ఏడాది ఇంకో భాగం. రోజువారీ ఖర్చుల రెవెన్యూ పద్దులో కలిసిపోతుంది, ఎవరూ అడగరు. కొత్త విమానం అంటే ఒకే పెద్ద బిల్లు. టెండర్, ట్రయల్స్, బేరసారాలు, కేబినెట్ కమిటీ, పార్లమెంటులో ప్రశ్నలు, పేపర్లో హెడ్డింగులు. సంతకం పెట్టిన అధికారికి రిటైరయ్యాక కూడా టెన్షన్. పెట్టనివాడికి ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే ఆ సీట్లో కూర్చుని ఎగిరేది అతను కాదు. వాయిదా వేయడం వల్ల పోయిన ప్రాణం ఏ పద్దులోనూ ఎక్కదు.

ఎక్కని ఖర్చు ఇంకోటి కూడా ఉంది. దీపక్‌ను ఆపింది 2009 జులైలో. స్విట్జర్లాండ్ పిలాటస్‌తో 75 పీసీ-7 మార్క్-2 శిక్షణ విమానాలకు ఒప్పందం 2012 మేలో. వాటి మీద క్యాడెట్ల శిక్షణ మొదలైంది 2013 జులైలో. ఈ నాలుగేళ్లూ కొత్తగా చేరిన పిల్లలకు నేరుగా కిరణ్ శిక్షణ జెట్‌ల మీద పాఠాలు చెప్పారు. కిరణ్ 1964లో తొలిసారి ఎగిరిన విమానం, అప్పటికే అలసిపోయి ఉంది. ఒకదాని గురించి తేల్చుకోకపోవడంతో ఇంకోదాని ఆయుష్షు కరిగిపోయింది. ఆ కిరణ్‌కు వారసుడిగా అనుకున్న సితార 2003లో ఎగిరింది, స్పిన్ (అదుపు తప్పి గిరగిరా తిరుగుతూ కిందికి పడటం) సమస్యలతో ఏళ్లు గడిచాయి, 2025లో యశస్ అని పేరు మార్చుకుంది. పేరైతే బాగుంది.

కొత్తవి మాత్రం కూలవా అంటారు. కూలతాయి. 2023 డిసెంబర్ 4న అదే మెదక్ జిల్లాలో, తూప్రాన్ దగ్గర, పిలాటస్ కూలి శిక్షకుడు, క్యాడెట్ ఇద్దరూ చనిపోయారు. దిగుమతి అంటే తలనొప్పులు వేరే. 2019లో రక్షణ శాఖ పిలాటస్‌తో లావాదేవీలను ఏడాది పాటు నిలిపేసింది. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ కొత్త విమానం కూలితే ఎందుకు కూలిందో వెతుకుతాం. దీపక్ కూలినప్పుడు కారణం ముందే తెలుసు.

ఇప్పుడు హెచ్‌ఏఎల్ కొత్త శిక్షణ విమానం హెచ్‌టీటీ-40 వంతు వచ్చింది. 2016 మే 31న తొలిసారి ఎగిరింది, 2023 మార్చిలో 70 విమానాలకు 6,800 కోట్ల పైచిలుకు ఒప్పందం అయింది. మనదే కాబట్టి నాకూ సంతోషమే. దీపక్ కూడా మనదే, ఆ అభిమానమే దాన్ని అన్నేళ్లు మోయించింది. అందుకే ఒక్క కాగితం ఇప్పుడే రాయించాలంటున్నాను. ఏ లోపం ఎన్నిసార్లు తిరగబెడితే మరమ్మతులు ఆపేసి విమానాన్ని పక్కనబెట్టాలి, ఆ మాట చెప్పే అధికారం ఎవరిది అన్నది అందులో ఉండాలి. ఆ అధికారం ఢిల్లీ రక్షణ శాఖలో ఫైలు చూసేవాళ్లకు కాకుండా, దుండిగల్‌లో పొద్దున్నే క్యాడెట్ పక్కన బెల్టు బిగించుకునే శిక్షకులకు ఇవ్వాలి.