మినిమం డ్యూ కడుతుంటే బాకీ ఎప్పటికి తీరేను?

క్రెడిట్ కార్డు బిల్లు మీద రెండు అంకెలుంటాయి. ఒకటి మొత్తం బాకీ, చూడగానే గుండె దడ. రెండోది మినిమం డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సిన మొత్తం, చూడగానే హమ్మయ్య అనిపించేంత చిన్నది. అది కడితే లేటు ఫీజు పడదు, రికవరీ ఫోన్లు రావు. టెన్షన్ ఒక నెల వాయిదా పడుతుంది. కార్డు అప్పు ముదిరేది ఆ ఊరట దగ్గరే.

లెక్క వేసి చూద్దాం. బాకీ లక్ష, వడ్డీ నెలకు 3 శాతం, మినిమం డ్యూ బాకీలో 5 శాతం. కార్డు మళ్లీ ఒక్కసారి కూడా గీకలేదనుకుందాం. మొదటి నెల వడ్డీతో కలిపి బాకీ 1,03,000 అవుతుంది. 5,150 కడతాం. అసలులో తగ్గింది 2,150. ఇలా ఏడాది కడితే జేబులోంచి పోయేది దాదాపు 55,000, తగ్గే బాకీ 23,000. సగం తీరడానికే 32 నెలలు పడుతుంది.

ఇప్పుడు ఒక్క చిన్న మార్పు. మొదటి నెల కట్టిన ఆ 5,150నే ప్రతి నెలా మార్చకుండా కడితే? 30 నెలల్లో మొత్తం బాకీ తీరిపోతుంది. 8,000 కట్టగలిగితే 16 నెలలే. కిటుకు ఎక్కడుందంటే, బాకీ తగ్గేకొద్దీ మినిమం డ్యూ కూడా తగ్గుతుంది. మనకు వెసులుబాటుగా కనిపించే ఆ తగ్గుదలే అప్పును ఏళ్ల తరబడి సాగదీస్తుంది. నన్నడిగితే మినిమం డ్యూ పేరు ‘అప్పు పొడిగింపు రుసుము’ అని మార్చాలి.

ఆ అంకె మన ఆలోచనను కూడా కిందికి లాగుతుంది. బిల్లు పూర్తిగా కట్టనివాళ్లలో, కనీస మొత్తం కళ్ల ముందు ఉన్నవాళ్లు అది లేనివాళ్లకన్నా తక్కువ కడతామన్నారని మనస్తత్వ పరిశోధకుడు నీల్ స్టువర్ట్ 2009లో చూపించారు. అదే ఏడాది అమెరికా చేసిన కార్డుల చట్టం, మినిమం మాత్రమే కడితే ఎన్నాళ్లు పడుతుందో, 36 నెలల్లో తీర్చాలంటే నెలకు ఎంత కట్టాలో బిల్లు మీదే అచ్చు వేయమంది.

కాబట్టి మొదటి పని, నెలకు కట్టే అంకెను బిల్లు కాకుండా మనమే నిర్ణయించుకోవడం. జీతం పడిన మర్నాడే అది ఖాతాలోంచి వెళ్లిపోయేలా పెట్టుకుంటే ఇంకా మంచిది. రెండో పని కార్డు వాడకం ఆపడం. ఇది నీతిబోధ కాదు, లెక్కే. పాత బాకీ మిగిలి ఉంటే సాధారణంగా కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే మరీ ఘోరం, పైన ఫీజు కూడా.

రెండు మూడు కార్డులుంటే? ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని ముందు తీర్చడమే లాభం. కానీ చిన్న బాకీని ముందు తీర్చేస్తే వచ్చే హుషారును నేను తీసిపారేయను. మధ్యలో వదిలేసే మంచి పథకం కన్నా చివరిదాకా సాగే మామూలు పథకం నయం.

తక్కువ వడ్డీకి పర్సనల్ లోన్ తీసుకుని కార్డు బాకీ కట్టేయడం కాగితం మీద మంచి ఆలోచనే. చిక్కేమిటంటే, కట్టిన మరుక్షణం కార్డు లిమిట్ మళ్లీ వాడుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత ఈఎంఐ ఒకవైపు, కొత్త కార్డు బాకీ ఇంకోవైపు! లోన్ తీసుకున్న రోజే లిమిట్ తగ్గించమని అడగాలి. కొంత మాఫీ చేయించుకునే సెటిల్‌మెంట్ నిజంగా ఏ దారీ లేనప్పుడే. అప్పు పూర్తిగా కట్టలేదన్న మచ్చ క్రెడిట్ రిపోర్టులో ఏళ్లపాటు ఉండిపోతుంది.

చివర్లో ఇంకో సంగతి. మొత్తం కట్టేశాక కూడా తర్వాతి నెల బిల్లులో చిన్న వడ్డీ కనిపించవచ్చు. బిల్లు తయారైన రోజు నుంచి మనం కట్టిన రోజు దాకా పడిన వడ్డీ అది. దాన్ని పట్టించుకోకపోతే లేటు ఫీజుతో బాకీ మళ్లీ మొదలు కావచ్చు. బాకీ సున్నా అని బిల్లు వచ్చేదాకా కార్డు బయటికి తీయకండి.