టోపో షీటు గారూ, మీకో దండం

కొండల ఎత్తులూ వాగులూ చూపే సర్వే పటం, మహారాజశ్రీ 65 జె/15 టోపో షీటు గారికి,

నిన్న భోంచేసి తమరిని, తమ పక్కింటి 65 ఎన్/3 గారిని నేల మీద పరిచి కూర్చున్నాను. లేచేసరికి చీకటి పడింది. నేనడిగింది ఏపాటి? అరకులో కాఫీ తోటలున్న ఎత్తు అటూ ఇటూగా మూడు వేల అడుగులు కదా, ఆ కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత) మీద పెన్సిల్ పెట్టి బొర్రా వైపు పోదామనుకున్నా, అంతే.

అరకు మీ దగ్గర, బొర్రా గుహలు 83 డిగ్రీల రేఖాంశానికి, అంటే మీ అంచుకి, అవతల. సరే, ఎక్కడో ఒకచోట కాగితం అయిపోవాలి. కానీ తమరేమో అంగుళానికి మైలు, ఎత్తులన్నీ అడుగుల్లో. పక్కాయన కొత్త ఎడిషన్, 1:50,000, అంటే సెంటీమీటరుకి అర కిలోమీటరు, అంతా మీటర్లు. నా మూడు వేల అడుగుల గీత దర్జాగా మీ అంచుదాకా వచ్చింది. అంటే 914 మీటర్లు. అవతల 900 గీత ఉంది, 920 గీత ఉంది, 914 ఏది? పోనీ రెండింటి మధ్యలోంచి అందాజాగా లాగుదామంటే స్కేళ్లు వేరు, వాగులే అతకడం లేదు. జెరాక్సు షాపుకి పరిగెత్తి మిమ్మల్ని 127 శాతానికి పెంచి తెచ్చా. ఒక వాగు కలిసింది. దాని పక్క వాగు మాత్రం అంచు దాటగానే ఎదురు కొండెక్కి పోతోంది! నీళ్లు కొండెక్కడం ఎక్కడైనా ఉందా?

కొత్తవలస–కిరండూల్ రైలు మీలో లేదు, అప్పటికి పట్టాలే వేయలేదు కాబట్టి వదిలేస్తున్నా. 2019లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు) తెచ్చుకున్న కాఫీ మీకు తెలియదు, అదీ క్షమించా. పోడు చేసుకునే మనుషులున్న కొండల మీద 'ఓపెన్ మిక్స్‌డ్ జంగిల్' అని రాసి చేతులు దులుపుకున్నారే, అది మాత్రం మీ పాపమే.

అసలు సరిగ్గా నాకు కావలసిన చోటే ఎందుకయ్యా నీ అంచు రావాలి? ఎవడు ఏ కొండ వెతికినా అది రెండు షీట్ల మధ్యే పడుతుంది, అదృష్టం బాగాలేకపోతే నాలుగింటి మూలన పడుతుంది. కావాలని చేస్తారు మీరు!

చింపేద్దామని చేతిలోకి తీసుకుని, ఎందుకో శాటిలైట్ బొమ్మ పక్కన పెట్టి చూశా. ప్లేన్ టేబుల్ (సర్వే వాళ్లు పటం గీసే మూడు కాళ్ల బల్ల) మోసుకుంటూ, మన్యం జ్వరాలకి ఓర్చుకుంటూ ఎవరో గీసిన లోయ, మలుపుకి మలుపు సరిపోయింది. బతికిపోయావు. నీ ఈడు 65 ఎన్/3, అంటే అడుగుల్లో ఉన్న పాత ఎడిషన్, కోసం వెతుకుతున్నా. అది దొరక్కపోతే మాత్రం ఇద్దరూ పకోడీల బండికే.