ఆయుధపూజ నాటి స్పానర్లు

ఏటా ఆయుధపూజ నాడు మా వీధిలో కార్లన్నీ తళతళలాడతాయి. బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు, అద్దం మీద విభూతి రేఖలు. డిక్కీలో మూలుగుతున్న జాకీని, రెండు స్పానర్లను బయటికి తీసి పసుపు కుంకుమలు పెడతారు. మర్నాడు అవి మళ్లీ డిక్కీలోకి చేరతాయి. తిరిగి ఎండ ముఖం చూసేది వచ్చే దసరాకే. కొత్త కారు కొంటే ముందు కాణిపాకం తీసుకెళ్లి వాహన పూజ చేయిస్తాం. ఇంత భక్తి ఉన్న మనకు బానెట్ ఎత్తి లోపల ఏముందో చూడాలన్న కుతూహలం మాత్రం పుట్టదు. అందుకే దాపరికం లేకుండా చెబుతున్నాను: కారున్న ప్రతి ఇంట్లో ఒంట్లో ఓపిక ఉన్న ఒక్కరైనా, జీవితంలో ఒక్కసారైనా, అరిగిన క్లచ్‌ను సొంత చేతులతో మార్చాలి. డబ్బు మిగులుతుందని ఈ మాట అనడం లేదు. మిగులుతుంది, కానీ అది చిన్న విషయం.

టైరు కాదు, బల్బు కాదు, క్లచ్చే ఎందుకంటే మనం తిరుపతివాళ్లం కాబట్టి. మైదానంలో లక్ష కిలోమీటర్లు నిశ్చింతగా నడిచే క్లచ్ మన దగ్గర అంతకాలం ఆగదు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వేసిన నాటి నుంచి కొండ ఎక్కడం ఈ ఊరి బండ్లకు నిత్యకృత్యం. అది చాలదన్నట్టు మదనపల్లె వైపు వెళితే భాకరాపేట ఘాట్. అయితే క్లచ్‌ను తినేసేది కొండ కాదు, కాలు. సెలవు రోజున అలిపిరి తనిఖీ కేంద్రం ముందు వరుసలో నిలబడి చూడండి. ఏటవాలు మీద ఆగిన కార్లలో హ్యాండ్ బ్రేకు వేసినవి ఎన్నో, క్లచ్ పెడలు సగం నొక్కిపెట్టి, అంటే హాఫ్ క్లచ్ మీద, ఊగుతూ నిలబడినవి ఎన్నో ముక్కుతోనే తెలిసిపోతుంది. ఆ కమురు వాసన క్లచ్ ప్లేటుది. తర్వాత కంపెనీ మంచిది కాదని, ప్లేటు నాసిరకమని తిట్టుకుంటాం. ఆడలేక మద్దెల ఓడు.

ఇంజనుతో తిరిగే ఫ్లైవీలుకూ, దాని మీద బిగించిన ప్రెషర్ ప్లేటుకూ మధ్య నలిగే బిళ్లే క్లచ్ ప్లేటు. కాలు నొక్కితే రిలీజ్ బేరింగు ముందుకు జరిగి ఆ పట్టు వదిలిస్తుంది, కాలు తీస్తే పట్టు బిగుస్తుంది. ఇంతే సంగతి. కానీ ఇదంతా గేర్‌బాక్స్ మూతి లోపల దాగి ఉంటుంది. టైరు అరిగితే కంటికి కనిపిస్తుంది, బ్రేకు అరిగితే చెవికి వినిపిస్తుంది. క్లచ్ పోయిందో లేదో గేర్‌బాక్స్ దించినవాడు చెప్పాలి, మనం నమ్మాలి. కారులో నమ్మకం మీద బిల్లు కట్టే భాగం ఇంతకంటే మరొకటి లేదు.

ఆ నమ్మకం ఎంత గుడ్డిదో నా అనుభవమే చెబుతుంది. పదకొండేళ్ల నా చిన్న కారులో ఒకసారి క్లచ్ పట్టు తప్పి జారడం మొదలుపెట్టింది. ఇంజను అరుస్తోంది, బండి కదలడం లేదు. ఒక పెద్ద సర్వీసు కేంద్రానికి తీసుకెళితే, బండిని పది అడుగులు నడిపి చూసి, సెట్టు మొత్తం మార్చాలని లెక్క రాసి ఇచ్చారు. నిజానికి ఆ రోజు లోపం క్లచ్‌లో లేదు. కేబులు మరీ బిగిసిపోయి, పెడలు వదిలినా క్లచ్ పూర్తిగా పట్టడం లేదు. కేబులు చివరి నట్టును నాలుగు చుట్లు వదులు చేస్తే బండి మరో రెండేళ్లు నడిచింది. నట్టు వదులు చేసినందుకు అయిన ఖర్చు సున్నా. అప్పటి నుంచి నేను ఎవరికైనా చెప్పేది ఒకటే పరీక్ష. బండి ముందు మనుషులు లేని చోట హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరులో వేసి, కాస్త ఆక్సిలరేటరు ఇస్తూ క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను టక్కున ఆగిపోతే ప్లేటుకు ఇంకా పట్టు ఉంది. ఆగకుండా గుర్రుమంటూ తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టే. అప్పుడు కూడా ముందు కేబులు, తర్వాతే ప్లేటు.

రెండేళ్ల తర్వాత నిజంగానే ప్లేటు అరిగింది. ఈసారి ఇంట్లోనే మార్చాలనుకున్నాను. తోడుగా నా బావమరిది. శనివారం పొద్దున మా ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద మొదలుపెట్టాం. బ్యాటరీ తీశాం, గేరు ఆయిలు పారబోశాం, ముందు చక్రాలు ఊడదీసి యాక్సిళ్లు లాగాం, స్టార్టరు, గేరు కేబుళ్లు విప్పాం. విప్పిన ప్రతి బోల్టునూ ఒక అట్టముక్కకు గుచ్చి, అది ఎక్కడిదో పక్కనే రాసుకున్నాను. ఈ పనిలో సగం తెలివి స్పానరులో కాదు, ఆ అట్టముక్కలో ఉంది. ఆయిలు సంపు కింద చెక్క పెట్టి జాకీతో ఇంజనును ఆపి, మౌంటింగులు విప్పి గేర్‌బాక్స్ కిందికి దించేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. దాదాపు 30 కిలోల ఇనుము ఛాతీ మీదికి వచ్చినప్పుడు మెకానిక్‌తో చేసిన పాత బేరాలన్నీ గుర్తొచ్చాయి.

లోపలంతా నల్లటి పొడి. దాన్ని నోటితోనో, గాలి గొట్టంతోనో ఊదకూడదు. పాత రకం లైనింగులలో ఆస్బెస్టాస్ వాడేవారు, అది ఊపిరితిత్తులకు శత్రువు. ముక్కుకు గుడ్డ కట్టుకుని తడిబట్టతో తుడిచాం. పాత ప్లేటు రివెట్ల తలలు పైకి తేలి ఉన్నాయి, ఫ్లైవీలు మీద నీలం మచ్చలు. అలిపిరి వరుసలలో నేను గడిపిన గంటలన్నీ ఆ మచ్చలలో ఉన్నాయి. ఇంజను వెనక సీలు నుంచి ఆయిలు కారడం లేదని చూసుకుని, కొత్త ప్లేటు పెట్టి, ప్రెషర్ ప్లేటు ఆరు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాను. చేతులు తుడుచుకుని గర్వంగా నిలబడ్డాను కూడా.

ఆ సాయంత్రం రేణిగుంట రోడ్డు ఆటోనగర్ నుంచి నాకు పాతికేళ్లుగా తెలిసిన మేస్త్రి వచ్చాడు. పాత గేర్‌బాక్స్ షాఫ్టు ముక్క ఒకటి ఇచ్చి పోదామని వచ్చాడు. ప్లేటును సరిగ్గా మధ్యకు తేవడానికి మేస్త్రులు వాడే సాధనం అదే. వంగి ఒక్క క్షణం చూసి, "సార్, ప్లేటు తిరగేసి పెట్టారు" అన్నాడు. స్ప్రింగులున్న ఉబ్బు గేర్‌బాక్స్ వైపు ఉండాలి, నేను ఫ్లైవీలు వైపు పెట్టాను. అలాగే బిగించి ఉంటే పెడలు ఎంత నొక్కినా గేరు పడేది కాదు, మళ్లీ మొత్తం దించాల్సి వచ్చేది. ఆరు బోల్టులూ విప్పి, ప్లేటు తిప్పి, షాఫ్టు ముక్క దూర్చి మధ్యకు తెచ్చి మళ్లీ బిగించాను. మేస్త్రి సాయం పట్టలేదు. గచ్చు మీద కూర్చుని టీ తాగుతూ చూశాడు. మర్నాడు గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు చివరి అర అంగుళం దగ్గర మొండికేసింది. బోల్టులు బిగించి లాగితే హౌసింగు పగులుతుంది. గేరులో వేసి యాక్సిలు దూరే చోట కొద్దికొద్దిగా తిప్పితే పళ్లు కలిసి దానంతటదే జారి కూర్చుంది. ఆ చప్పుడు విన్నవాడికే తెలుస్తుంది.

దీనికి ఎదురు చెప్పేవాళ్లు లేకపోలేదు. ప్రమాదమంటారు, వారంటీ పోతుందంటారు, మెకానిక్ పొట్ట కొట్టినట్టేనంటారు. మొదటి మాట నిజం. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరకూడదు, ఇటుకలు అసలే పనికిరావు, ఇనుప స్టాండ్లు లేకపోతే ఈ పని జోలికే వెళ్లవద్దు. వారంటీ ఉన్న బండిని ఎవరూ విప్పమనడం లేదు. ఇక మెకానిక్ పొట్ట. ఆ రెండు రోజుల తర్వాత నేను ఏ మేస్త్రి దగ్గరా కూలి బేరం ఆడలేదు. నాలుగు గంటల పనికి ఇంతా అని అడిగేవాడు ఆ 30 కిలోలను ఎప్పుడూ ఛాతీ మీద మోసి ఉండడు. ఆటోనగర్ మేస్త్రి పొట్ట కొడుతున్నది తన క్లచ్ తానే మార్చుకునే ఓనరు కాదు, ఆ మేస్త్రికి రిపేరు సమాచారం అందనివ్వని కార్ల కంపెనీ.

దాని కథ అందరికీ తెలిసిందే, రెండు ముక్కల్లో గుర్తు చేస్తాను. విడిభాగాలను, రిపేరు పరికరాలను, సమాచారాన్ని బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని, మార్కెట్లో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. అది అప్పీళ్లలో పడింది. 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచింది. బాగుంది. కానీ నా కారుతో వచ్చిన పుస్తకం తెరిస్తే చక్రం మార్చడం, ఫ్యూజు మార్చడం దాకా బొమ్మలున్నాయి, ఆ తర్వాత ప్రతి పేజీలో డీలరును సంప్రదించమన్న వాక్యమే. అది కూడా ఇంగ్లిషులో. తెలుగునాట బండి అమ్మేవాడు ఆ బండి ఎలా విప్పాలో తెలుగులో రాసి ఇవ్వకపోవడం మనకు తప్పుగా తోచడం లేదంటే, తప్పు ఒక్క కంపెనీదేనా?

నాకు అసలు కోపం ఇక్కడ. చదవకపోతే మెకానిక్ షెడ్డులో చేరుస్తానని కొడుకును బెదిరించని తెలుగు తండ్రిని నాకు చూపించండి. మెకానిక్ షెడ్డు మనకు పనిచేసే చోటు కాదు, శిక్ష. చేతికి మసి అంటడమంటే చదువు అబ్బకపోవడమే. ఆ శనివారం మా పక్కింటి కుర్రాడు గోడ మీది నుంచి చాలాసేపు చూశాడు. మెకానికల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది. క్లచ్ గురించి అడిగితే యూనిఫాం వేర్ సిద్ధాంతం, యూనిఫాం ప్రెషర్ సిద్ధాంతం, టార్క్ సూత్రం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్నట. పాత ప్లేటు చేతికిస్తే రెండు వైపులా తిప్పి చూసి, "ఇంత చిన్నదా అంకుల్!" అన్నాడు. నాలుగేళ్లు క్లచ్ చదివిన కుర్రాడు క్లచ్‌ను చూడటం అదే మొదటిసారి. తప్పు వాడిది కాదు. వాడికి వచ్చిన మార్కులు చూసి మురిసిపోయిన మనందరిదీ.

మన జిల్లా సంగతి ఇంకా విడ్డూరం. కరకంబాడిలో బ్యాటరీలు తయారవుతాయి, చిన్నపాండూరులో టైర్లు తయారవుతాయి, శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు బండ్లు తయారవుతున్నాయి. ఇన్ని తయారయ్యే జిల్లాలో ఐటీఐలో మోటారు వాహనాల మెకానిక్ కోర్సు చదివే కొడుకు గురించి చెప్పేటప్పుడు తండ్రి గొంతు తగ్గుతుంది. రెండేళ్ల కోర్సది, పిల్లవాడికి చేతినిండా పని నేర్పుతుంది. అదే తండ్రి పెద్ద కొడుకు కంప్యూటర్ సైన్సు సీటు గురించి వీధి చివరిదాకా వినిపించేలా చెబుతాడు. చేతిపని ద్వారా చదువు చెప్పాలని 1937లో వార్ధాలో గాంధీ పట్టుబట్టాడు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వృత్తి పనివాళ్ల దగ్గర గడపాలంది. మధ్యలో ఎనభై మూడేళ్లు. గాంధీ చదువంతా చేతిపని మీద నడపాలన్నాడు, మనం పది రోజులకు వచ్చాం. ఆ పది రోజులు కూడా మన బడులలో పిల్లలను ఏ ఆటోనగర్‌కైనా తీసుకెళతారా, లేక ప్రాజెక్టు పేరిట అట్టల మీద బొమ్మలు అతికిస్తారా, మీకే వదిలేస్తున్నాను.

విద్యుత్ బండ్లు వచ్చేశాయి, వాటికి క్లచ్చే లేదు, ఇప్పుడిది నేర్చుకుని ఏం లాభమని ఒక మిత్రుడు అడిగాడు. నిజమే, 2022 నుంచి కొండకు విద్యుత్ బస్సులు కూడా నడుస్తున్నాయి. కానీ ఆ బండి బ్యాటరీ పెట్టెను తెరవడం ఇంట్లో కుదిరే పని కాదు, ప్రాణం తీసే కరెంటు ఉంటుంది. అంటే చేయి పెట్టి నేర్చుకోగలిగిన చివరి తరం బండ్లు ఇప్పుడు మన ఇళ్ల ముందున్నవే. అంబాసిడర్ నడిపిన మా నాన్న తరం రోడ్డు పక్కన కార్బొరేటరు విప్పి శుభ్రం చేసుకునేది. మా తరం టైరు మార్చుకోవడం దగ్గర ఆగింది. మా పిల్లలు టైరు పంక్చరైతే ఫోను తీస్తున్నారు.

ఆ కుర్రాడు ఆదివారం కూడా వచ్చాడు. చివరి అర అంగుళం దగ్గర యాక్సిలు తిప్పింది వాడే. ముంజేతుల దాకా గ్రీజు పులుముకుని ఇంటికి వెళితే వాళ్లమ్మ ముందు వాడి చొక్కా చూసి, తర్వాత గోడ మీది నుంచి నన్ను చూసింది. నాతో ఏమీ అనలేదు.

తర్వాతి శనివారం కొండకు బయలుదేరాం. అలిపిరి దగ్గర వరుస ఎప్పటిలాగే ఉంది. బండి ఆగిన ప్రతిసారీ హ్యాండ్ బ్రేకు లాగి, గేరు తీసి, క్లచ్ మీది కాలు తీసి పక్కన పెట్టాను. ముందు బండి రెండు అడుగులు కదిలినా నేను కదలకపోయేసరికి వెనకాయన హారను మోగించాడు. ఆయన బండి నుంచి కమురు వాసన వస్తోంది.