క్రోధి నామ సంవత్సరంలో పుట్టినవాళ్లంతా కోపిష్ఠులా?

చైనా కొత్త సంవత్సరం దగ్గరపడితే చాలు, తెలుగు తల్లుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. మూడేళ్లు నిండకముందే పిల్లలకు చైనా రాశుల పన్నెండు జంతువులూ కంఠతా పట్టించండి, జ్ఞాపకశక్తి పెరుగుతుంది. పుట్టిన సంవత్సరం చూస్తే మీ పాప ఏ జంతువో తెలుస్తుంది. జంతువును బట్టి స్వభావం ఉంటుంది, అలాగే పెంచండి. ఇవీ మన మేషం, వృషభం లాంటివే అని దాని సారాంశం. నేను సింగపూర్‌లో చిన్నపిల్లల బడిలో పనిచేస్తున్నాను. ఏటా ఈ జంతువుల్ని పిల్లలకు చూపిస్తాను, మీరూ చూపించండి. ఆ మెసేజ్ చెప్పినట్టు మాత్రం వద్దు.

ముందు స్వభావం సంగతి. ఇక్కడ ఒకే క్యాలెండర్ ఏడాదిలో పుట్టినవాళ్లంతా ఒకే తరగతిలో ఉంటారు. నా దగ్గరున్నవాళ్లు 2022లో పుట్టారు, అంటే దాదాపు అందరూ పులులే. సింహ నృత్యం వాళ్లు వచ్చి డోలు మొదలుపెట్టగానే ఒక పులి బల్ల కిందికి దూరి చెవులు మూసుకుంది. ఇంకో పులి ఆ సింహం నోట్లో చెయ్యి పెట్టేసింది. మరొకరు తలెత్తలేదు, కమలాపండు తొనలు ఒక్కొక్కటీ విడదీసి వరసగా పేర్చుకుంటూ కూర్చున్నారు. ముగ్గురికీ ఒకటే స్వభావం అని ఎలా చెప్పమంటారు?

మన దగ్గర 2024 ఉగాదితో మొదలైంది క్రోధి నామ సంవత్సరం. ఆ ఏడు పుట్టిన బిడ్డలంతా కోపిష్ఠులవుతారని ఏ అమ్మమ్మా అనలేదు. కానీ మూలా నక్షత్రంలో పుట్టిన ఆడపిల్ల సంబంధాల దగ్గర ఎన్ని మాటలు పడుతుందో మనకు తెలుసు. జపాన్‌లో అలాంటిదే జరిగింది. అక్కడా ఇవే జంతువులు. 1966 అగ్ని తత్త్వం కలిసిన గుర్రం సంవత్సరం, అంటే అగ్ని గుర్రం. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల మొగుడికి అరిష్టమని నమ్మకం. ఆ ఒక్క ఏడాదే అక్కడ జననాలు సుమారు నాలుగో వంతు పడిపోయాయి. అరవై ఏళ్లకు, 2026లో, మళ్లీ అదే గుర్రం వచ్చింది. అందుకే మూడేళ్ల పిల్లతో 'నువ్వు ఫలానా జంతువువి, నువ్వింతే' అనడం నాకు ఆటలా అనిపించదు. పిల్లలు మన మాట నమ్మేస్తారు.

పుట్టిన సంవత్సరం చూస్తే చాలన్నదీ తప్పే. చైనా కొత్త సంవత్సరం జనవరి ఒకటిన రాదు, చంద్రుణ్ణి బట్టి జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. 2022లో ఫిబ్రవరి 1న వచ్చింది. ఆ జనవరిలో పుట్టిన నా విద్యార్థులు పులులు కారు, ఎద్దులు.

మన రాశులతో పోలికా కుదరదు. చంద్రుడు ఒక రాశిలో ఉండేది సుమారు రెండుంపావు రోజులే. చైనా జంతువు ఏడాదంతా ఉంటుంది. పోల్చాలంటే ప్రభవ, విభవలతో పోల్చండి. పన్నెండు జంతువులూ ఐదు తత్త్వాలూ కలిసి అక్కడా అరవై ఏళ్ల చక్రమే. మన షష్టిపూర్తి లెక్క వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఇక కంఠతా పట్టించడం. రెండేళ్ల పిల్లకు పన్నెండు పేర్ల వరస గాలిలో మాట. కథ చెప్పండి, వరస దానంతటదే వస్తుంది. నేను టబ్బులో నీళ్లు పోసి ప్లాస్టిక్ బొమ్మలు వదులుతాను. చైనా కథల్లో దేవలోకపు రాజు జేడ్ చక్రవర్తి జంతువులకు పందెం పెట్టాడు, అందరూ నది దాటాలి. ఎద్దు ఈదుతుంటే ఎలుక దాని వీపెక్కి కూర్చుంటుంది, ఒడ్డు రాగానే ముందుకు దూకి మొదటిదవుతుంది. ఆ దూకే చోట పిల్లలు నీళ్లు నా మీదే కొడతారు. మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు అంటారు. నాలుగోసారికి ఎలుక, ఎద్దు, పులి, కుందేలు వాళ్లే అందిస్తారు. అక్కడితో ఆపేసినా నష్టమేమీ లేదు. మిగతావి వచ్చే ఏడు వస్తాయి.

ఒక ప్రశ్న మాత్రం ఏటా ఎవరో ఒకరు అడుగుతారు: పిల్లి ఏదీ? ఎలుక దాన్ని నీళ్లలోకి తోసేసిందని కథలో ఉంది. ఈసారి అలా చెప్పగానే వియత్నాం అమ్మాయి ఒకతె లేచి, "మా తమ్ముడు పిల్లి" అంది. వాడు 2023లో పుట్టాడు. కాదు, కుందేలు అని మిగతావాళ్లు గోల. వియత్నాంలో కుందేలు స్థానంలో పిల్లే ఉంటుందని చెప్పి, బొమ్మల డబ్బా వెతికి ఒక పిల్లిని తెచ్చాను. ఆ పాపే దాన్ని టబ్బులో కుందేలు పక్కన వదిలింది.