మహారాజశ్రీ డెకాల్ అల్లుడుగారికి

బొమ్మ విమానాల మీద గుర్తులుగా, అక్షరాలుగా అంటుకునే పలుచని పొర అయిన మహారాజశ్రీ డెకాల్ గారికి హనుమకొండ, హంటర్ రోడ్డు నుంచి తమరి మామ నమస్కరించి వ్రాయు లేఖ. ఇక్కడ మేమందరం క్షేమం. తమరి క్షేమం ప్రత్యేకించి అడగవలసిన పని లేదు. మా పడమటి గది కిటికీ అద్దానికి, జిప్ కవరులో భద్రంగా, నాలుగు వైపులా టేపు వేయించుకుని, మూడు వారాలుగా మా కళ్లెదుటే ఎండ కాగుతున్నారు. మే నెలలో వరంగల్ ఎండకు మనుషులు నల్లబడతారు, తమరు తెల్లబడతారు. 2009లో కొన్న స్పిట్‌ఫైర్ అనే రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానపు బొమ్మ ముక్కల పెట్టెను సజ్జ మీద పెట్టి ఇన్నేళ్లు మరిచిపోవడం నా తప్పే. కానీ అదే పెట్టెలో, అదే ఉక్కలో ఉన్న ప్లాస్టిక్ ముక్కలు చెక్కు చెదరకుండా ఉండగా, తమరు ఒక్కరే పసుపు కొమ్ములా తయారు కావడం ఏమి న్యాయం? 1940 నాటి లెక్క ప్రకారం ఆ విమానం పక్కన వేసే గుండ్రని గుర్తుకు బయటి వలయం పసుపు రంగే. అందులో చరిత్రకు చెందిన పసుపు ఎంతో, తమరి ముసలితనానికి చెందిన పసుపు ఎంతో భూతద్దం పెట్టి చూసినా తేలలేదు కనుకనే ఈ ఎండ వైద్యం.

మా బంధువులు తమరిని స్టిక్కరు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా తమరి తరఫున నేనే చిన్నబుచ్చుకుంటాను. స్టిక్కరు అంటే ఆటో వెనక అంటించేది, గోకినా పోనిది. తమరో, జిగురు పూసిన కాగితం మీద అచ్చయిన, ఉల్లిపొర కన్నా సున్నితమైన దేహం గలవారు. నీళ్లలో నానితే తప్ప కాగితం వదలరు, వదిలాక మా మాట వినరు.

తమరు రాకముందు ఈ ఇంట్లో ఎంత చాకిరీ జరిగిందో తమరికి తెలియాలి. డెబ్బై రెండో వంతు కొలత అంటే ఆరడుగుల మనిషి ఒక్క అంగుళం అవుతాడు, స్పిట్‌ఫైర్ రెక్కల ఆ కొస నుంచి ఈ కొసకు ఆరంగుళాల చిల్లర వస్తుంది. అంతటి విమానంలో పైలట్ సీటుకు మాస్కింగ్ టేపును సన్నగా చీల్చి బెల్టులు పెట్టాను. విమాన శరీరం రెండు భాగాలూ అతికించిన మరుక్షణం నుంచి వాటిని నేను కూడా చూడలేదు. ఆ అతికించే సిమెంటు ప్లాస్టిక్‌ను కరిగించి ఒకటి చేస్తుంది, అయినా గీత మిగులుతుంది. ఆ గీత మీద పుట్టీ పెట్టి, ఆరనిచ్చి, ఉప్పుకాగితంతో తడిపి రుద్ది, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూసి, మళ్లీ పుట్టీ పెట్టి, ఆదివారాలు ఆరు గడిచాయి. ఆ పైన ప్రైమర్, కింద ఆకాశపు లేత రంగు, పైన మట్టి రంగు, ఆకుపచ్చ. పెళ్లికి ఇల్లు సున్నం వేసి, పందిరి వేసి, వంటలు దించి అందరూ నడుములు పట్టుకుని కూర్చున్న వేళకు పెట్టె అడుగు నుంచి తమరు దిగుతారు. గోడ సున్నం బాగా లేదని అప్పుడు అలుగుతారు.

అవును, తమరి మొదటి అలక గోడ మీదే. విమానానికి అసలు వేసే రంగు మెరుపు లేనిది, దాని పైభాగం కంటికి కనిపించని గరుకు. ఆ గరుకు మీద తమరిని కూర్చోబెడితే గుంటల్లో గాలి చిక్కుకుని తమరి అంచుల చుట్టూ వెండి పొరలా మెరుస్తుంది. ఎంత చక్కగా రంగు వేసినా, ఇది అంటించినదే అని ఊరంతా చాటుతుంది. అందుకని యుద్ధ విమానానికి ముందుగా నిగనిగలాడే వార్నిష్ పూసి, కొత్త కారులా మెరిపించి, తమరికి ఎదుర్కోలు పలకాలి. తమరు స్థిరపడ్డాక ఆ మెరుపును చంపడానికి దాని మీద మళ్లీ మెరుపు లేని వార్నిష్ పూయాలి. ఒక అతిథి కోసం గోడకు రెండు సార్లు రంగు వేయించిన ఇల్లు ఓరుగల్లు కోటలో కూడా ఉండి ఉండదు.

తరువాతిది కాళ్లు కడిగే ఘట్టం. గోరువెచ్చని నీళ్లలో కొద్ది సెకన్లు ముంచి, బయటికి తీసి, జిగురు వదులయ్యే దాకా ఆగమని పెట్టెలోని సూచనల కాగితంలో రాసి ఉంటుంది. మే నెలలో మా ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లను గోరువెచ్చన చేయాలంటే కాచనక్కరలేదు, చల్లార్చాలి. ఆ నీళ్లైనా తమరికి పనికిరావు. మా బోరు నీళ్లు ఆరితే తెల్లటి చారలు మిగులుతాయి, బకెట్లకు పట్టిన పొరే అందుకు సాక్ష్యం. అందుకని తమరి పాదప్రక్షాళన కోసం ఇన్వర్టర్లు అమ్మే దుకాణానికి పోయి బ్యాటరీ నీళ్లు అడిగాను. ఏ ఇన్వర్టర్ సార్ అని అడిగాడు కుర్రాడు. ఇన్వర్టర్ కాదు, స్పిట్‌ఫైర్ అన్నాను. ఆ కంపెనీది మా దగ్గర సర్వీసింగ్ లేదు సార్ అని వినయంగా చెప్పాడు.

తమరు తడిసి ఉన్నంత సేపు ఇంట్లో ఫ్యాను తిరగరాదు. తమరి బరువుకు గాలి పెద్ద శత్రువు. ఒకసారి ఒక రౌండెల్, అంటే ఆ గుండ్రని గుర్తు, చెంచా కొస నుంచి ఎగిరి నా మోచేతి మీద వాలి, అక్కడే ఆరిపోయి, రెండు రోజుల పాటు నన్ను బ్రిటిష్ వైమానిక దళంలో ఉంచింది. కనుక నలభై మూడు డిగ్రీల గదిలో ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి, బ్రష్షు కొసతో తమరిని అర మిల్లీమీటరు అటు, అర మిల్లీమీటరు ఇటు జరుపుతుండగా నా నుదుటి నుంచి చెమట చుక్క ఒకటి బయల్దేరుతుంది. అది ఎక్కడ పడుతుందో తమరికి చెప్పనక్కరలేదు.

స్థిరపడ్డారని సంతోషించే లోపల సాఫ్ట్‌నర్ ద్రావకం పూస్తే తమరు ముడతలు పడతారు. రెక్క మీద చెక్కిన సన్నని గీతల్లోకి మెత్తబడి దిగడానికే ఆ ముడతలని, చేయి పెట్టకుండా వదిలేస్తే వాటంతట అవే సర్దుకుంటాయని తెలుసు. తెలిసినా ఆ అరగంట గుండె నిలవదు. మా అమ్మ తొంగి చూసి, “ఇస్త్రీపెట్టె తేనా బిడ్డా, ఒక్కసారి రుద్దితే సాఫ్‌గైతది” అన్నది. ఆమెను బయటికి పంపి తలుపు వేసుకున్నాను. తమరి కోసం కన్నతల్లిని బయటికి పంపినవాడినని గుర్తుంచుకోవలసిందిగా మనవి.

ఇంతా చేసి పేరెవరిది? 1950ల దశకంలో బొమ్మ విమానాల కిట్లు చేసే బ్రిటిష్ సంస్థ ఎయిర్‌ఫిక్స్ తన మొదటి విమానం కిట్‌గా డెబ్బై రెండో వంతు స్పిట్‌ఫైర్‌ను తెచ్చింది. ఆ అచ్చు చెక్కినవాడిని తలుచుకునేవారు లేరు; ఈనాటికీ అభిమానులు ఆ కిట్‌ను పిలిచే పేరు ‘బి.టి.కె.’, అంటే దాని పక్కన తమరి పూర్వీకులు మోసిన మూడు అక్షరాలు. తమరి వంశానికి ఈ అక్షరాల గర్వం నిజమైన విమానాల నుంచే వచ్చిందని ఒప్పుకుంటాను. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ నిజాం పైసలతో వచ్చిన 110వ స్క్వాడ్రన్ డి.హెచ్.9ఎ విమానాల మీద అవి ఆయన బహూకరించినవని అక్షరాలు రాసి ఉండేవి. వాటిలో ఒకటి లండన్‌లోని ఆర్.ఎ.ఎఫ్. (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియంలో ఉంది. ఆ తరువాతి యుద్ధంలో మళ్లీ హైదరాబాద్ పేరుతోనే 152వ స్క్వాడ్రన్ వచ్చింది. దాని చిహ్నం నిజాం తలపాగా, దాని స్పిట్‌ఫైర్ల పక్కన ఉండే అక్షరాలు యు, ఎం. 1940లో ఇంగ్లండ్ దక్షిణ తీరం మీద పోరాడి, తరువాత బర్మా దాకా వచ్చిన ఆ దళం విమానమే నా బల్ల మీద ఉన్నది. నిజాం రాజ్యం పన్నులు ఎక్కడి దాకా ఎగిరాయో మా వీధి పిల్లలకు చూపిద్దామని ఆ కిట్ తెరిచాను. చూపించడానికి ఆ రెండు అక్షరాలు తప్ప వేరే ఆధారం లేదు, అవి తమరి దగ్గరే ఉన్నాయి. అల్లుడి చేతికి ఇంటి తాళాలు ఇవ్వడమంటే ఇదే.

ఇంకొక మాట. మా ఊళ్లో 1930లో నిజాం కట్టించిన మామునూరు విమానాశ్రయం ఉంది. 1981లో మూతబడ్డది మొదలు అనుమతుల కోసం, భూమి కోసం, హైదరాబాద్ విమానాశ్రయానికి నూట యాభై కిలోమీటర్ల లోపు మరొకటి ఉండరాదన్న షరతు సడలింపు కోసం ఎదురు చూస్తూ దశాబ్దాలు గడిపిన రన్‌వే అది. ఎదురు చూడడంలో మాకు అలవాటు ఉన్నదని తమరికి ఎవరో చెప్పినట్టున్నారు. ఆరంగుళాల విమానం కూడా తమరి నిరభ్యంతర పత్రం కోసం బల్ల మీద నెలల తరబడి నిలబడి ఉంది.

వైద్యం ఫలించింది, పసుపు చాలా వరకు పోయింది. అయితే మొన్న పరీక్ష కోసం, మనకు పనికిరాని వేరే దళం అక్షరం ఒకదాన్ని నీళ్లలో వేస్తే అది అయిదు ముక్కలై తేలింది. పాతబడిన తమరి దేహంలో పట్టు లేదని దానితో అర్థమై, నిన్న రాత్రి షీటు మొత్తానికి పారదర్శకమైన లాకర్ రెండు పూతలు పూశాను. ఇప్పుడు షీటంతా ఒకే పొర అయింది కనుక ప్రతి గుర్తునూ దాని అంచు వెంట కత్తిరించాలి. ఆ పనికి కొత్త బ్లేడు, పెద్దవాళ్ల కళ్లజోడు సిద్ధం.

బుధవారం తెల్లవారుజామున అయిదున్నరకు ముహూర్తం. అప్పటికి ఎండ ఎక్కదు. కరెంటు ఉన్నా ఫ్యాను వేయము. పళ్లెంలో బ్యాటరీ నీళ్లు, పక్కన ఇయర్ బడ్లు, తలకు చెమట పట్టకుండా తువ్వాలు. ముందు యు, ఆ తరువాత ఎం. ఎం నడిమి కోణం విరగకుండా దిగితే చాలు, తతిమ్మా కట్నకానుకల సంగతి తరువాత మాట్లాడుకుందాం.

ఇట్లు,
తమరి మామ

తా.క.: నిన్న సజ్జ మీద మిగ్-21 పెట్టె మూత తెరిచాను. మన వైమానిక దళంలో 1963లో చేరి 2025 సెప్టెంబరులో విరమించిన విమానం కదా, దానికి వీడ్కోలుగా ఒకటి కడదామని ఆశ. తమరి తమ్ముళ్లు అందులో నూరుమందికి పైగా ఉన్నారు, ఒక్కొక్కరు నువ్వుగింజంత. వారిలో ఒకరి మీద, రెక్కపై అడుగు పెట్టరాదని రాసి ఉంది. మూత మళ్లీ పెట్టేశాను.